పది ఇళ్ళ కొలతలు

ఆ శనివారం కోసం రాజేశ్వరి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఏడింటికి టేపు పట్టుకుని వీధిలోకి దిగాలి. పదిన్నరకల్లా పది ఇళ్ళు కొలిచి, ఇంటివాళ్ళ చేత సంతకాలు పెట్టించుకోవాలి. పన్నెండింటి బస్సెక్కి నరసరావుపేటలో దిగి, సాయంత్రం ఐదులోగా యూనివర్సిటీ స్టడీ సెంటర్లో ప్రాజెక్టు ఇచ్చేయాలి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి రావాలి. ఈ మొత్తంలో కిటికీ పక్క సీటు తప్ప అనుమానించాల్సిందేదీ ఆమెకు కనిపించలేదు.

ఊరు మాచర్లకూ గురజాలకూ నడుమ ఉన్న ఒక చిన్న పట్టణం. పేరు చెబితే ఊరివాళ్ళకు కోపం వస్తుంది కాబట్టి చెప్పడం లేదు. రాజేశ్వరికి నలభై నాలుగేళ్ళు. భర్త శ్రీమన్నారాయణకు బజార్లో ఇనుప సామాను కొట్టు ఉంది. ఆమె కామర్స్ డిగ్రీ ఆఖరి ఏడు చదువుతుండగా పెళ్ళి కుదిరింది. "పరీక్షలదేముంది, ఎప్పుడైనా రాసుకోవచ్చు" అన్నారు పెద్దలు. ఆ ఎప్పుడైనా రావడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది.

దూరవిద్యలో మళ్ళీ మొదటి నుంచీ చేరింది. డిగ్రీ చేతికొస్తే అకౌంటెంట్ల పరీక్షలకు వెళ్ళవచ్చు, అందులో మొదటి మెట్టు మినహాయింపు కూడా ఇస్తారు. అన్ని పేపర్లూ అయిపోయాయి, ఒక్కటి తప్ప. దాని పేరు స్థానిక పన్నులు. అందులో రాతపరీక్షతో పాటు ఒక ప్రాజెక్టు ఉంటుంది. సొంత వీధిలో పది ఇళ్ళకు వెళ్ళి, కట్టడం ఏ రకం, వయసెంత, వాడకం దేనికి, ఎన్ని చదరపు అడుగులు అని రాసుకుని, ఇంటి పన్ను ఎంత పడాలో తేల్చాలి. రాతపరీక్షలో రాజేశ్వరికి ఎప్పుడూ మంచి మార్కులే. ప్రాజెక్టు మాత్రం రెండేళ్ళు వరసగా ఇవ్వలేదు, రెండుసార్లూ తప్పింది. రిజిస్ట్రేషన్ గడువు ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళు ఈ శనివారం సాయంత్రం ఐదింటికి పూర్తవుతాయి. దాటితే మళ్ళీ మొదటి పేపరు నుంచి మొదలుపెట్టాలి.

ఎందుకు ఇవ్వలేదంటే, దానికి కారణం శ్రీమన్నారాయణ. మంచివాడే గాని మొహమాటస్తుడు. పెళ్ళాం ఈ వయసులో చదువుతోందని బజార్లో చెప్పుకోవడానికి నోరు రాలేదు. ప్రతి ఆదివారం ఆమె నరసరావుపేట వెళ్ళడం చూసి వీధివాళ్ళు అడిగితే, "కోటప్పకొండ మొక్కు" అన్నాడు. వీధి నమ్మింది. ఐదేళ్ళుగా ఆదివారం తప్పకుండా కొండెక్కే మనిషని రాజేశ్వరిని గౌరవించడం మొదలుపెట్టింది. కొందరు కొబ్బరికాయలు ఇచ్చి పంపేవాళ్ళు. ఇచ్చినవాళ్ళకు అన్యాయం చేయకూడదని ఆమె క్లాసు అయ్యాక ఆటో మాట్లాడుకుని నిజంగానే కొండకు వెళ్ళి కొట్టి వచ్చేది. అలాంటి మనిషి టేపు పట్టుకుని గుమ్మం ముందు నిలబడి నేను చదువుకుంటున్నాను అని ఎలా చెబుతుంది?

కాని ఆ ఆదివారాలంటే ఆమెకు ప్రాణం. క్లాసులో ఆమె కొట్టుగలాయన భార్య కాదు, వెన్నెల వాళ్ళమ్మ కాదు. హాజరుపట్టీలో పద్నాలుగో నంబరు. ఆ నంబరు పిలవగానే "ఎస్ మేడమ్" అనడం కోసం వారమంతా ఎదురుచూసేది. పోయినేడు కూతురు వెన్నెల పట్టా పుచ్చుకున్న రోజున, ఫోటోలు అయ్యాక ఆ నల్లగౌను మడతపెడతానని తీసుకుని, హాస్టల్ గదిలో తలుపేసుకుని తను ఒకసారి తొడుక్కుంది. గౌను చేతులు ఆమెకు పొడుగయ్యాయి. అయినా అద్దం ముందు చాలాసేపు నిలబడింది. ఆ ఆశ వచ్చిపోయేది కాదు. ఇరవై నాలుగేళ్ళ కిందట వచ్చి కూర్చుంది, ఇంకా లేవలేదు.

మొదటి ఇల్లు హలీమాది. జాకెట్లు కుడుతుంది. ముందు గదిలోనే మిషను.

"ఏంది రాజక్కా, పొద్దున్నే టేపు పట్టుకున్నావ్?"

"చదువు కోసం హలీమా. ఇల్లు కొలిచి పన్ను లెక్క కట్టాలి. ఆ కొస కాస్త పట్టుకో."

"ఎవరి చదువు? వెన్నెలదా?"

"నాదే."

హలీమా నవ్వి, "నువ్వు భలే దానివిలే అక్కా" అంటూ కొస పట్టుకుంది. సంతకం కూడా పెట్టింది. ఏ గోడ నుంచి కొలిచిందో మరిచిపోకుండా రాజేశ్వరి గోడ మూల మీద ఒకటి అని అంకె వేసింది. కొట్లో ఇనుప రేకుల మీద గుర్తులు పెట్టే సుద్ద ఒకటి సంచిలో వేసుకుని వచ్చింది. అది ఎర్రది.

ఆ ఊళ్ళో గోడ మీద ఎర్ర గుర్తుకు ఒకటే అర్థం ఉంది. రెండేళ్ళ కిందట మెయిన్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒకరోజు పొద్దున టేపులతో మనుషులు వచ్చారు, గోడల మీద ఎర్ర అంకెలు వేశారు. అడిగితే ఏమీ లేదన్నారు. నెల తిరక్కుండా జేసీబీ వచ్చింది. రాజేశ్వరికి ఇది తెలియక కాదు. ఆ పూట ఆమె తలలో చదరపు అడుగులు తప్ప వేరేవాటికి చోటు లేదు.

ఎనిమిదిన్నరకు ఆరు ఇళ్ళు కొలిచింది, ఆరు సంతకాలు వచ్చాయి. ఆరో ఇల్లు లక్ష్మీనరసయ్యది. మిర్చి వ్యాపారం చేసి రెండంతస్తులు లేపాడు. ముందు నాపరాళ్ళ అరుగు, దాని మీద రేకుల షెడ్డు. ఈ రెండూ నాలుగడుగులు రోడ్డు మీదికి వచ్చాయని వీధిలో అందరికీ తెలుసు, ఆయన ఒక్కడికే తెలియదు. సంతకం ఆయన భార్య పెట్టింది. ఆయన టీ తాగి వచ్చేసరికి అరుగు పక్కన గోడ మీద ఎర్రటి ఆరు కనిపించింది.

ఏడో ఇంటి ముందున్న రాజేశ్వరి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"ఏందమ్మాయ్, ఎన్నడుగులు కొడతన్నారు?"

"కొట్టడమేంది బాబాయ్? నేను పరీక్ష కోసం కొలుస్తున్నా."

"పరీక్ష. నీకు." ఆయన ఆమెను తలపాపిట నుంచి చెప్పుల దాకా చూశాడు. "సరేలేమ్మా. చెప్పొద్దని పైనోళ్ళు అనుంటారు. కొండకెళ్ళే మనిషి చేత అబద్ధమాడిస్తన్నారు చూడు, ఆళ్ళ పాపం ఆళ్ళదే."

"అబద్ధం కాదు బాబాయ్."

"నేనేమీ అడగలేదు, నువ్వేమీ చెప్పలేదు" అని ఆయన లోపలికి వెళ్ళి ఫోన్ తీశాడు.

అరగంటలో ముగ్గురు కూలీలు గునపాలతో వచ్చారు. జేసీబీ వస్తే రేకులు నలిగిపోతాయి, నాపరాళ్ళు ముక్కలవుతాయి. మనమే విప్పుకుంటే సామానన్నా దక్కుతుందని లక్ష్మీనరసయ్య ఆలోచన. వీధిలో అందరికంటే డబ్బున్నవాడు తన షెడ్డు తనే పీకించుకుంటుంటే, ఇంకెవరికీ వేరే రుజువు అక్కర్లేకపోయింది. ఒకాయన మెట్లు తవ్వించడం మొదలుపెట్టాడు. ఒకామె పూలకుండీలన్నీ డాబా మీదికి చేర్చింది.

ఈ కబురు టీకొట్టు దగ్గర గులాం మొహిద్దీన్ చెవిన పడింది. ఆ వీధికి ఇంటి పన్ను వసూలు చేసే బిల్లు కలెక్టర్ ఆయన. రోడ్డు వెడల్పు సంగతైతే తనకు ముందే తెలియాలి. తనకు చెప్పకుండా కొలుస్తున్నారంటే ఆ కొలిచేది రోడ్డును కాదు, తనను. టీ సగంలోనే వదిలేసి బండెక్కాడు. ఎందుకంటే ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఆ వీధిని ఒకేసారి, మలుపు దగ్గర నిలబడి, కళ్ళతో కొలిచాడు. ఆ రిజిస్టరు ప్రకారం లక్ష్మీనరసయ్య రెండంతస్తుల మేడ ఇప్పటికీ పెంకుటిల్లే.

బండి ఆపి దిగుతూనే నమస్కారం పెట్టాడు.

"మేడమ్, ఒక్క ఫోన్ కొడితే నేనే వచ్చేవాణ్ణి గదా."

రాజేశ్వరి టేపు చుట్టడం ఆపింది. సొంత వీధిలో, సొంత ఇంటికి మూడు గుమ్మాల దూరంలో, ఒక మనిషి ఆమెను మేడమ్ అన్నాడు. వెంటనే నిజం చెప్పాలని ఆమెకు తెలుసు. కాని ఆ మాట చెవిలో ఉండగా ఇంకో మాట కలపబుద్ధి కాలేదు. అరనిమిషం ఊరుకుంది. ఆమె ఆ రోజు తెలిసి చేసిన తప్పు అదొక్కటే, అది చాలింది. ఆ అరనిమిషంలో నలుగురు గుమ్మాల్లోంచి చూశారు, మున్సిపాలిటీ మనిషి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడటం నలుగురూ చూశారు.

"నేను ఆఫీసర్ని కాదండీ. శ్రీమన్నారాయణ గారి భార్యని. చదువుకుంటున్నాను."

"అట్నే మేడమ్. అందరికీ అట్నే చెబుదాం" అని మొహిద్దీన్ టేపు రెండో కొస అందుకున్నాడు. ఆ తర్వాత పని చకచకా సాగింది. అయిపోయిన ఆరిళ్ళవి ఆమె కాగితం చూసి, మిగతావి ఆమె చెబుతుండగా, ప్రతి కొలతనూ ఆయన తన డైరీలో రాసుకున్నాడు. మధ్యమధ్యలో, అడగకపోయినా, "ఈ మిద్దె ఎప్పుడు లేచిందో నిజంగా నాకు తెల్వదు మేడమ్" అని చెబుతూ వచ్చాడు. పదిన్నరకు పదో ఇల్లు, అంటే రాజేశ్వరి వాళ్ళ ఇల్లు కూడా అయింది. సంతకాలు మాత్రం ఆరు దగ్గరే ఆగాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది ఇళ్ళవాళ్ళు సంతకం అనగానే తలుపులు వేసుకున్నారు.

ఇంతలో హలీమా పరుగెత్తుకొచ్చింది. ఏడుస్తోంది.

"నా ముందు గది పోతే మిషను యాడ పెట్టుకోవాలక్కా? నమ్మి సంతకం పెట్టినా గదా నీకు."

"ఏదీ పోదు హలీమా. నా మాట విను. ఇది నా పరీక్ష."

"ఇంకా అదే మాటా?" హలీమా ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టింది. వెనకే మిగతా అయిదు ఇళ్ళవాళ్ళూ వచ్చి తలా ఒక గీత కొట్టారు. సంతకమంటే ఒప్పుకున్నట్టేనని లక్ష్మీనరసయ్య అందరికీ చెప్పాడట. అక్కడితో ఆగకుండా కొందరు బజారుకెళ్ళి శ్రీమన్నారాయణ కొట్టు ముందు నిలబడ్డారు. "మీ ఆవిడ మా ఇళ్ళు పడగొట్టిస్తాంది" అన్నారు. కొట్టు పెట్టిన తర్వాత మొదటిసారి ఆయన మధ్యాహ్నం షట్టర్ దించాడు.

ఆయన ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు పాతిక మంది ఉన్నారు. రాజేశ్వరి మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆరు గీతలు పడ్డ కాగితం. పన్నెండింటి బస్సు హారన్ కొట్టుకుంటూ మెయిన్ రోడ్డు మీద వెళ్ళిపోవడం ఆమెకు వినిపించింది. ఏడుపొచ్చింది. ఇల్లు కూలగొడతారంటే నమ్మిన జనం, తను చదువుకుంటోందంటే నమ్మలేదు. అది ఆమెను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

"ఇంతమందిని ఎట్లా పోగేశావే?" అన్నాడు శ్రీమన్నారాయణ.

"నిజం చెప్పి" అంది రాజేశ్వరి. "పొద్దుటి నుంచి అదే చెప్తన్నా. ఎవురూ నమ్మలా. మీరు కొండ అని చెప్పారు, అది నమ్మారు. ఇప్పుడు ఇది కూడా మీరే చెప్పండి. ఐదింటికి నా గడువు అయిపోద్దండీ. నాకు మళ్ళీ మొదట్నుంచీ చదివే వయసు లేదు."

శ్రీమన్నారాయణ ఆమె మొహం చూశాడు. పెళ్ళయ్యాక ఆమె ఆయన్ని ఏదైనా అడగడం అరుదు, ఇలా అడగడం అసలే లేదు. ఆయన పై మెట్టెక్కి గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడ చదువుకుంటా ఉంది. ఐదేళ్ళ నుంచి. కొండ మొక్కని నేనే అబద్ధం చెప్పా. నాకు సిగ్గేసింది, అందుకని చెప్పా. తప్పు నాది."

అంత పెద్ద మాట అన్నాక కాస్త నిశ్శబ్దం ఉంటుందని ఆయన ఆశించాడు. ఉండలేదు.

"నిన్నటిదాకా కొండ అంటివి, ఇయ్యాల కాలేజీ అంటన్నావ్. రేపు ఏం చెప్తావ్?" అన్నాడు లక్ష్మీనరసయ్య. "పెళ్ళాన్ని కాపాడుకోవాలని మొగుడు ఏదో ఒకటి చెప్తాడు. మాకు తెల్వదా ఏంది?"

"మొక్కు మీద కూడా అబద్ధమాడినోడు" అంది ఇంకో ఆమె. జనం కోపం రెండింతలయింది.

అప్పుడు లోపలి నుంచి రమణమ్మ వచ్చింది. శ్రీమన్నారాయణ తల్లి. చదువు రాదు, మాట మాత్రం సూటిగా ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు కాగితాలు.

"నరసయ్యా, నీకు అక్షరాలు వచ్చు గదా. కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదువు. మా కోడలు రెండు తూర్లు తప్పింది. రెండిట్లోనూ సున్నాలే."

"అత్తయ్యా, వద్దు" అంటూ రాజేశ్వరి లేచింది. ఆ మెమోలు తను పారేశాననే అనుకుంది. అవి వచ్చిన రెండు రోజులూ కోడలు అన్నం ముట్టలేదు. అంత బాధపెట్టిన కాగితాలు ముఖ్యమైనవే అయి ఉంటాయని రమణమ్మ వాటిని ఏరి దాచింది.

లక్ష్మీనరసయ్య గట్టిగానే చదివాడు. అభ్యర్థి పేరు, రాజేశ్వరి. స్థానిక పన్నులు, ప్రాజెక్టు, సున్నా. ఫలితం, తప్పింది. రెండో కాగితం. సున్నా. తప్పింది. వీధి మొత్తం వింది. రాజేశ్వరి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. రెండేళ్ళుగా ఎవరికీ తెలియకూడదనుకున్నది ఇంత స్పష్టంగా, ఇంత మంచి ఉచ్చారణతో బయటికి వస్తుందని ఆమె అనుకోలేదు.

జనంలో కోపం తగ్గింది. దాని స్థానంలో ఆలోచన వచ్చింది.

"సున్నా వచ్చినామెని గవర్నమెంటోళ్ళు కొలవను పంపరు గదా" అన్నారెవరో.

"ఆఫీసరైతే సున్నా వచ్చిందని చెప్పుకోదు" అన్నాడు లక్ష్మీనరసయ్య మెల్లగా. మొహిద్దీన్ అరుగు మీద కూలబడి, జేబురుమాలుతో మెడ తుడుచుకుని, "అల్లా" అన్నాడు.

హలీమా ముందుకొచ్చింది. "నిజంగా చదువుతున్నావా అక్కా? ఈ వయసులో?"

"నిజంగానే."

"ఇట్టా ఇవ్వు" అని కాగితం తీసుకుని, తను కొట్టేసిన సంతకం పక్కనే మళ్ళీ సంతకం పెట్టింది. మిగతావాళ్ళూ పెట్టారు. తలుపులు వేసుకున్న ముగ్గురూ వచ్చి పెట్టారు. పదో ఇంటికి రమణమ్మ వేలిముద్ర వేసింది. ఆఖరున లక్ష్మీనరసయ్య పెన్ను తీసుకుని తన ఇంటి వైపు చూశాడు. షెడ్డు లేదు, అరుగు లేదు. కూలీలు ఆఖరి నాపరాయి మోస్తున్నారు.

"ముందే చెప్పొచ్చు గదమ్మాయ్."

"చెప్పాను బాబాయ్."

ఆయన సంతకం పెట్టాడు. కాని పొద్దున రాసిన కొలతకు ఇప్పుడు ఇల్లు సరిపోదు. తప్పుడు కొలత ఇవ్వడానికి రాజేశ్వరికి మనసొప్పలేదు. టేపు తీసి మళ్ళీ కొలిచింది. ఆరో ఇంటికి రెండు వరసలు రాసింది, ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి.

అప్పటికి రెండున్నర. తర్వాతి బస్సుకు వెళ్తే సెంటర్ మూసేస్తారు. శ్రీమన్నారాయణ కొట్టు ట్రాలీ ఆటో తెచ్చి వాకిట్లో ఆపాడు. ఇనుప చువ్వలు మోసే బండిలో, భర్త పక్కన ఇరుకు సీట్లో, ఫైలు గుండెలకు పట్టుకుని రాజేశ్వరి నరసరావుపేట బయలుదేరింది. దారిలో ఆయన ఒక్కమాటే అడిగాడు.

"ఆదివారాలు అక్కడ ఏం చెప్తారు?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నరసరావుపేట వచ్చేదాకా చెబుతూనే ఉంది. ఐదేళ్ళలో ఆయన అడగడం అదే మొదలు.

స్టడీ సెంటర్లో ప్రాజెక్టులు తీసుకునే జెస్సీ మేడమ్ బీరువాకు తాళం వేస్తోంది. గోడ గడియారంలో ఐదుకు ఆరు నిమిషాలు తక్కువ. ఫైలు తెరిచి పేజీలు తిప్పింది.

"ఆరో ఇంటికి రెండు కొలతలు ఎందుకున్నాయి?"

"పొద్దున అంత ఉందండీ. మధ్యాహ్నానికి తగ్గింది."

"సంతకాలు కొట్టేసి మళ్ళీ పెట్టారేంటి?"

"మధ్యలో కాసేపు నన్ను నమ్మలేదండీ."

జెస్సీ మేడమ్ ఆమె చీర అంచున అంటిన ఎర్రసుద్దను, గుమ్మం బయట ట్రాలీ ఆటో పక్కన నిలబడ్డ మనిషిని చూసింది. ఇంకేమీ అడగకుండా ముద్ర కొట్టింది.

రెండు నెలలకు మెమో వచ్చింది. స్థానిక పన్నులు, తొంభై ఒకటి. రమణమ్మ దాన్ని చేత్తో తడిమి, ఈసారి సున్నాలు లేవని తేల్చుకుని, కోడలికి పాయసం వండింది.

అదే వారం వీధిలో అందరికీ నోటీసులు కూడా వచ్చాయి. ఆ రోజు పడ్డ భయానికి మొహిద్దీన్ మారిన మనిషయ్యాడు. డైరీలో రాసుకున్న కొలతలన్నీ, కొలిచినామె పేరుతో సహా, రిజిస్టరుకు ఎక్కించాడు. అన్ని ఇళ్ళకూ పన్ను పెరిగింది. పెంకుటిల్లు మేడ అయిన లక్ష్మీనరసయ్యకు అందరికంటే ఎక్కువ పెరిగింది, అరుగూ షెడ్డూ ఉంటే ఇంకా పెరిగేదని, పీకించడం తన ముందుచూపని ఆయన చెప్పుకున్నాడు. నోటీసులు పట్టుకుని వీధి మొత్తం మళ్ళీ రాజేశ్వరి గుమ్మం ముందుకొచ్చింది. ఇంకో పంచాయితీ తప్పదని ఆమె గుండె గట్టి చేసుకుంది.

"ఏంది చూస్తావ్ రాజక్కా" అంది హలీమా. "తగ్గించమని అర్జీ రాయాలంట. నువ్వే రాయి. చదువుకున్నదానివి నువ్వే గదా ఈ వీధిలో."

రాజేశ్వరి లోపలికి వెళ్ళి కాగితాలు తెచ్చుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి కాస్త ఆలస్యమైంది. ఆ నెలలో తొమ్మిది అర్జీలు రాసింది. ముందు గదిలో కుట్టుపని సొంత నివాసంలోనిదేనని హలీమాకు పన్ను తగ్గింది. ఇంకో మూడిళ్ళకు కట్టడం వయసు లెక్కేసి తగ్గించారు. మనది కూడా రాయమని శ్రీమన్నారాయణ పట్టుబట్టాడు. మన కొలతల్లో తప్పేమీ లేదండీ అని ఆమె ఎంత చెప్పినా వినలేదు. రాసింది.

దానికి మున్సిపాలిటీ నుంచి జవాబు ఆమె పేరునే వచ్చింది. సదరు కొలతలు స్థానిక పన్నుల విషయంలో అర్హత పొందిన వ్యక్తి స్వయంగా తీసినవి కనుక వాటిని సందేహించడానికి తగిన కారణం కనబడలేదనీ, అర్జీ తిరస్కరించడమైనదనీ అందులో ఉంది. అలాంటి మాట ఒకటి, ఎవరో ఒకరు, తన గురించి రాస్తే చదవాలని ఆమె ఇరవై నాలుగేళ్ళుగా ఎదురుచూసింది. వాకిట్లో నిలబడి మూడుసార్లు చదువుకుంది. పన్ను శ్రీమన్నారాయణ కట్టాడు.